విద్యుత్తు బండియా, పెట్రోలు బండియా? గోల్ఫు బండ్లను గూర్చిన పాఠము

ఒక వస్తువును కొనగోరువాడు అంగడిలో అడుగు పెట్టిన వెంటనే "దీని వెల యెంత?" అని యడుగును. వెల తెలిసికొనుట మంచిదే. అయితే ఆ వస్తువు తనకు ఏ పనికి, దినమునకు ఎంతసేపు, ఎన్ని సంవత్సరములు ఉపయోగపడవలెనో ఎఱుగనివానికి వెల తెలిసినను లాభము కొంచెమే. మన విద్యార్థులు భౌతికశాస్త్రము ఒక గంటలోను, అంకగణితము వేఱొక గంటలోను నేర్చుకొనుచున్నారు. ఒక గంటలో నేర్చినది మఱియొక గంటలో నేర్చినదానితో కలిసి, ఇంటిలో ఒక మంచి నిర్ణయము చేయుటకు తోడ్పడినప్పుడే ఆ విద్య మనదగును. అట్లు కలిపి చూచుటకు తగిన యొక చిన్న బండిని ఈ వ్యాసమునకు విషయముగా ఎన్నుకొంటిని.

ఆ బండి గోల్ఫు బండి. సికిందరాబాదు మొదలగు పెద్ద రైల్వేస్టేషనులలో వృద్ధులను, రోగులను ప్లాట్‌ఫారముమీద మెల్లగా కొనిపోవు బ్యాటరీ కారును మీలో కొందఱు చూచియుందురు. అది ఈ జాతికి చెందినదే. మన దేశమున ఇది స్టేషనులకును, ఉద్యానవనములకును మాత్రమే తగిన బండిగా కనబడుచున్నది. అమెరికా దేశమున కొన్ని ఊళ్లలో నైతే ఇది ఇంటింట నుండు నిత్యవాహనము. బడికి, బజారుకు, వైద్యునియొద్దకు జనులు దీనిమీదనే పోవుదురు. మన జిల్లాలనుండి పోయి ఆ దేశమున కాపురముండు కుటుంబములు పెక్కు గలవు గనుక ఈ సంగతి మనకు బొత్తిగా దూరమైనది కాదు.

అచ్చట ఈ బండి కొనదలచిన ప్రతి గృహస్థునకును మొదట కలుగు సందేహ మొక్కటే: విద్యుత్తుతో నడచుదానిని కొనవలెనా? గ్యాసుతో నడచుదానిని కొనవలెనా? ఇచ్చట ఒక మాట. అమెరికనులు వాడుకలో గ్యాసు అనునది మన వంటయింటి సిలిండరులోని గ్యాసు కాదు; గ్యాసొలీను అను మాటకు అది పొట్టి రూపము. మనము పెట్రోలు అనునది అదియే. ఇక ముందు పెట్రోలు అనియే వ్రాసెదను.

1. బండి పుట్టుక

గోల్ఫు అనునది విశాలమైన పచ్చికబయళ్లలో ఒక చిన్న బంతిని కఱ్ఱతో కొట్టుచు, వరుసగా 18 గుంటలలో వేయు ఆట. ఆట పూర్తియగుసరికి ఆటగాడు నాలుగైదు మైళ్లు నడువవలసియుండును. నడువలేని వృద్ధులకును, కాలు సరిగా లేనివారికిని సహాయముగా ఈ బండి పుట్టినది. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదప, 1950వ సంవత్సరము తరువాతి దశాబ్దములో, అమెరికాలో దీనిని విరివిగా చేయసాగిరి. జార్జియా రాష్ట్రమున ఆగస్టా నగరములో 1954లో ఈజీగో అను కంపెనీ నెలకొల్పబడెను. క్లబ్ కార్ అను మఱియొక పేరుగల కంపెనీయు తరువాత ఆ నగరమునకే చేరెను. జపాను దేశపు యమహా కంపెనీ 1978లో తన మొదటి గోల్ఫు బండిని తెచ్చెను.

ఈ బండికి తలుపులుండవు. నలువైపుల గాలి యాడుచుండును. పైన సన్నని కప్పు, ముందు ఇద్దఱు కూర్చుండు ఆసనము, కొన్నిటికి వెనుకవైపునకు తిరిగియుండు మఱియొక ఆసనము ఉండును. ఆటస్థలమున నడచుటకు చేసిన బండి గంటకు 15 మైళ్లకు, అనగా సుమారు 24 కిలోమీటర్లకు, మించి పోదు.

2. ఆటబండి ఊరిబండి యైన విధము

జార్జియా రాష్ట్రమున అట్లాంటా నగరమునకు దక్షిణమున పీచ్‌ట్రీ సిటీ అను పట్టణము గలదు. 1959లో పట్టణముగా ఏర్పడిన ఆ యూరియందు కార్లు నడచు వీథులకు వేఱుగా, చెట్లనడుమ వంకరలు తిరుగుచు పోవు సన్నబాటలు సుమారు 100 మైళ్ల పొడవున గలవు. నడచువారును, సైకిలు త్రొక్కువారును, గోల్ఫు బండ్లవారును ఆ బాటలనే వాడుదురు. ఉన్నత పాఠశాల విద్యార్థులు ఈ బండ్లమీద బడికి వచ్చి, వానిని వరుసగా నిలుపుట అచ్చట సాధారణ దృశ్యము.

ఫ్లారిడా రాష్ట్రమున ది విలేజస్ అను మఱియొక ఊరు గలదు. అది ఉద్యోగము విరమించిన వృద్ధుల నివాసము. 2020వ సంవత్సరపు జనగణనలో అచ్చటి జనసంఖ్య సుమారు 80 వేలు. అచ్చటను గోల్ఫు బండ్లకు ప్రత్యేకమైన బాటలును, పెద్ద రహదారులను దాటుటకు వంతెనలును కట్టియున్నారు. కాలిఫోర్నియా తీరమునకు ఎదుటనున్న క్యాటలీనా ద్వీపమున, ఆవలాన్ అను చిన్నపట్టణములో, పెద్ద కార్ల సంఖ్యకు పరిమితి యున్నందున జనులు ఎక్కువగా ఈ బండ్లనే ఆశ్రయించియున్నారు.

ఈ మూడు ఊళ్లలో దారులు ఒక్కరీతిగా లేవు. ఒకచోట చెట్లనీడను పోవు చిన్న బాటలు. ఒకచోట చదునైన నేలయు దీర్ఘమైన దూరములును. ఒకచోట కొండవాలు వీథులు. బండి యొక్కటే యైనను దారి వేఱగుటచేత ప్రశ్నకు సమాధానమును వేఱగుచున్నది. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు; కడపట దీనికే రావలసియున్నది.

3. విద్యుత్తు బండి పనిచేయు రీతి

విద్యుత్తు బండియొక్క బలమంతయు ఆసనము క్రిందనున్న బ్యాటరీలలో నుండును. సీసపు బ్యాటరీలోని ఒక్కొక్క గది సుమారు 2 వోల్టుల నిచ్చును. నాలుగు గదులు కలిపిన 8 వోల్టుల బ్యాటరీ యగును. అట్టి బ్యాటరీలు ఆఱింటిని వరుసగా తగిలించిన 48 వోల్టులు లభించును. ఈ ఆఱింటి బరువు సుమారు 170 కిలోగ్రాములు. అనగా విద్యుత్తు బండి ఎక్కడికి పోయినను ఇద్దఱు ముగ్గురు మనుష్యుల బరువును ఊరకయే మోయుచున్నదన్నమాట.

గదిలోపల సీసపు పలకలును, సీసము ఆమ్లజనితో కలిసినందున ఏర్పడిన గోధుమరంగు పదార్థపు పలకలును, నీరు కలిపిన గంధకికామ్లమున మునిగియుండును. బండి నడచునప్పుడు రసాయనిక మార్పు జరిగి విద్యుత్తు బయలుదేఱును. రాత్రి ఇంటిలోని విద్యుత్తుకు తగిలించినప్పుడు ఆ మార్పు వెనుకకు నడచి, పలకలు మొదటి స్థితికి వచ్చును. బాగుగా ఖాళీయైన బ్యాటరీ మరల నిండుటకు రాత్రి యంతయు పట్టుననుకొనవచ్చును.

ఈ బ్యాటరీకి మూడు మర్యాదలు జరుపవలెను. మొదటిది, దానిని పూర్తిగా ఖాళీచేయరాదు. సగమువఱకు వాడి మరల నింపుచుండిన అది దీర్ఘకాలము బ్రదుకును. ఖాళీగా విడిచిన పలకలపై గట్టి తెల్లని పొర పేరుకొని, దాని శక్తి హరించును. రెండవది, అప్పుడప్పుడు మూతలు తీసి చూచి, బ్యాటరీ నిండిన పిదప పలకలు మునుగునంతవఱకు స్వేదనజలమును పోయవలెను. కొళాయినీటిలోని లవణములు పలకలను చెఱుపును. మూడవది, నింపుచున్నప్పుడు ఉదజని వాయువు వెడలును గనుక ఆ చోట గాలి యాడవలెను, నిప్పు చేరరాదు. గాలిలో నూటికి నాలుగు వంతుల ఉదజని చేరిన చాలును, ఒక్క నిప్పురవ్వకు అది అంటుకొనగలదు.

ఇటీవల లిథియము బ్యాటరీలు వాడుకలోనికి వచ్చినవి. అదేశక్తికి అవి సీసపువానిలో మూడవవంతు బరువు మాత్రమే తూగును. నీరు పోయు పని లేదు. ఎక్కువ సంవత్సరములు మన్నును. వెల మాత్రము హెచ్చు. గడ్డకట్టు చలిలో వానిని నింపరాదను నియమమును గలదు.

విద్యుత్తు మోటారుయొక్క గొప్ప సుగుణము, కదలిన క్షణముననే దాని పూర్తి త్రిప్పుబలము చక్రములకు అందుట. శబ్దము లేదు, పొగ లేదు. కదలు భాగములు కొద్ది గనుక అరుగునవియు కొద్దియే.

4. పెట్రోలు బండి పనిచేయు రీతి

పెట్రోలు బండిలో సాధారణముగా ఒక సిలిండరుగల చిన్న ఇంజను ఉండును. మన మోటారుసైకిలు ఇంజనువలెనే ఇదియు నాలుగు అంగలలో పనిచేయును: గాలియు పెట్రోలును లోనికి పీల్చుట, వానిని అదుముట, నిప్పురవ్వతో మండించి బలము పొందుట, మండినదానిని వెలుపలికి నెట్టుట. ఈ బలము ఒక బెల్టు ద్వారా చక్రములకు చేరును. గేర్లు మార్చు పని నడపువానికి లేదు. పెక్కు బండ్లలో పెడలును నొక్కగానే ఇంజను మొదలగును. కాలు తీయగానే నిలిచిపోవును.

దీని ముఖ్యమైన సుగుణము దూరము. ఒక గాలను పెట్రోలు మన 3.8 లీటర్లకు సమానము. ఐదాఱు గాలనులు పట్టు తొట్టి నిండియున్న బండి నూఱుమైళ్లకు పైగా పోగలదు. తొట్టి ఖాళీయైనచో ఐదు నిమిషములలో నింపుకొని మరల బయలుదేఱవచ్చును. పెట్రోలు తఱిగినకొలది బలము తఱుగదు. చివరి చుక్కవఱకు ఒకే తీరున నడచును. కొండదారిలోను, బరువు మోయుటలోను ఇది నమ్మకమైనది.

ఇక దీని మర్యాదలు వేఱు. ఇంజను నూనె మార్చవలెను. గాలిని వడగట్టు ఫిల్టరును, స్పార్కు ప్లగ్గును, బెల్టును కాలమునుబట్టి మార్చుచుండవలెను. నెలల తరబడి తొట్టిలో నిలిచిన పెట్రోలు చెడి, జిగురై, సన్నని దారులను మూసివేయును. అన్నిటికంటె ముఖ్యముగా, మూసిన గదిలో దీని ఇంజనును నడుపరాదు. పొగలోనుండు కార్బన్ మోనాక్సైడు అను విషవాయువునకు రంగు లేదు, వాసన లేదు. రక్తము ప్రాణవాయువును మోయకుండ అది అడ్డుపడి, మనుష్యుని తెలియకుండగనే చంపగలదు.

5. లెక్క వేయుదము

"విద్యుత్తు చౌక" అని కొందఱు, "బ్యాటరీలు మార్చవలసి వచ్చినప్పుడు తెలియును" అని మఱికొందఱు వాదింతురు. వాదమును విడిచి పలకను తీయుదము. క్రింది అంకెలు లెక్కకొఱకు నేను ఊహించుకొన్నవి. ఊరినిబట్టియు, కాలమునుబట్టియు అవి మారును. లెక్క వేయు పద్ధతి మారదు.

ఒక గృహస్థుడు దినమునకు 6 మైళ్ల చొప్పున సంవత్సరమునకు 300 దినములు బండి నడుపుననుకొందము. మొత్తము 1,800 మైళ్లు.

పెట్రోలు బండి గాలనుకు 36 మైళ్లు పోవుననుకొనిన, సంవత్సరమునకు 50 గాలనులు కావలెను. గాలను 3 డాలర్లైన 150 డాలర్లు. నూనె, ఫిల్టరు, బెల్టు, పనివాని కూలి కలిపి మఱి 150 డాలర్లనుకొందము. మొత్తము 300 డాలర్లు.

విద్యుత్తు బండికి, నింపునప్పుడు వ్యర్థమగు భాగమును కలుపుకొని, మైలునకు పావు యూనిటు పట్టుననుకొందము. 1,800 మైళ్లకు 450 యూనిట్లు. యూనిటు 16 సెంట్లైన 72 డాలర్లు మాత్రమే! పెట్రోలు ఖర్చులో ఇది సగమైనను లేదు. ఇచ్చటనే పెక్కుమంది లెక్కను ఆపివేయుదురు. అయితే సీసపు బ్యాటరీలు ఐదేండ్లకు ఒకసారి మార్చవలసియుండి, వాని వెల 1,200 డాలర్లైనయెడల సంవత్సరమునకు 240 డాలర్ల భారము పడును. దానిని కలిపిన 312 డాలర్లు.

చూచితిరా! ఒకటి 300, రెండవది 312. ఎంత వాదించినను రెండును ఇంచుమించు సమానమే.

ఇప్పుడు ఒక్క అంకెను మార్చి చూడుడు. నీరు పోయక, ఖాళీగా విడిచి, అశ్రద్ధగా వాడినందున బ్యాటరీలు మూడేండ్లకే చెడిన, సంవత్సరమునకు 400 డాలర్ల భారము, మొత్తము 472. శ్రద్ధగా చూచుకొన్నందున ఆఱేండ్లు మన్నిన, 200 డాలర్ల భారము, మొత్తము 272. బండి యొక్కటే, బ్యాటరీ యొక్కటే. వ్యత్యాసము 200 డాలర్లు. ఇది కంపెనీవలన వచ్చినది కాదు. నెలకొకసారి మూత తీసి చూచిన చేతివలన వచ్చినది. అట్లే పెట్రోలు వెల 4 డాలర్లకు పెరిగినచో ఆ బండి ఖర్చు 350 డాలర్లగును. పెట్రోలు వెల మన చేతిలో లేదు. బ్యాటరీని కాపాడుకొనుట చాలవఱకు మన చేతిలో నున్నది.

ఈ బ్యాటరీకి ఎంత దూరము పోగల శక్తి యున్నదో దానిని గూడ లెక్కించుదము. 48 వోల్టులు, 150 ఆంపియరు గంటలు గల బ్యాటరీలలో నిండుగా 7,200 వాటు గంటలు, అనగా 7.2 యూనిట్లు ఇమిడియుండును. సగము మాత్రమే వాడవలెనను మర్యాదను పాటించిన 3.6 యూనిట్లు. బ్యాటరీనుండి మైలునకు యూనిటులో ఐదవవంతు ఖర్చగుననుకొనిన, 18 మైళ్లు. దినమునకు 6 మైళ్లు పోవువానికి ఇది మూడింతలు. దినమునకు 30 మైళ్లు పోవువానికి చాలదు.

6. దారి, ఇల్లు, పొరుగువాడు

ధనము ఇంచుమించు సమమైనప్పుడు మఱి దేనినిబట్టి నిర్ణయింపవలెను? మూడు సంగతులు గలవు.

మొదటిది దారి. పీచ్‌ట్రీ సిటీ వంటి ఊరిలో బడి, అంగడి, గ్రంథాలయము కొద్ది మైళ్లలోపల నుండిన విద్యుత్తు బండి చాలును. ది విలేజస్ వంటి విస్తారమైన ఊరిలో ఒక కొననుండి మఱియొక కొనకు పోయిరావలసినవారు పెట్రోలు బండినే కోరుట సహజము. కొండవాలు ఎక్కునప్పుడు విద్యుత్తు బండి బాగుగనే ఎక్కును. అయితే చదునునేలమీదకంటె ఎక్కువ శక్తిని త్రాగును. దిగునప్పుడు మోటారే జనరేటరై ఆ శక్తిలో కొంత తిరిగి ఇచ్చు బండ్లును గలవు. అంతయు మాత్రము తిరిగి రాదు.

రెండవది ఇల్లు. రాత్రి బండిని నిలుపుచోట విద్యుత్తు తీగ అందవలెను. మేడపై అంతస్తులో కాపురముండి, బండిని దూరమున వీథిలో నిలుపువానికి విద్యుత్తు బండి దినదినము తలనొప్పియే. ఫ్లారిడాలో తుపానులు వచ్చినప్పుడు విద్యుత్తు దినముల తరబడి నిలిచిపోవుటయు గలదు. అప్పుడు పెట్రోలు బండి ఆదుకొనుననుట కొంతవఱకు నిజము. కొంతవఱకే యని యేల అనుచున్నాననగా, పెట్రోలు బంకులోని పంపు సహితము విద్యుత్తుతోనే నడచును.

మూడవది పొరుగువాడు. దీనిని కొనువారు సామాన్యముగా తలంపరు. బండిమీద కూర్చున్నవాడు పొగను వెనుకకు విడిచి ముందుకు పోవును. ఆ పొగను పీల్చువాడు వెనుక నడచి వచ్చువాడు, సైకిలుమీది బాలుడు, బాటప్రక్క యింటిలోని శిశువు. తెల్లవాఱుజామున ఇంజను చప్పుడునకు మేల్కొనువాడును పొరుగువాడే. మన స్టేషనులలోని ప్లాట్‌ఫారముమీద, వందలకొలది ప్రయాణికుల నడుమ, పైకప్పు క్రింద పెట్రోలు బండి నడచినయెడల ఎట్లుండునో ఆలోచించిన ఈ సంగతి తేటపడును.

విద్యుత్తు బండి నిశ్శబ్దము. ఇందునుగూడ ఒక అపాయము గలదు. వెనుకనుండి వచ్చు బండి చప్పుడు కాకున్నయెడల గ్రుడ్డివారును, చెవి సన్నగిలిన వృద్ధులును తెలిసికొనజాలరు. కావున విద్యుత్తు బండి నడపువాడు గంట మ్రోగించుటయు, నడచువారియొద్ద వేగము తగ్గించుటయు మఱవరాదు.

"విద్యుత్తు గూడ ఎక్కడనో బొగ్గు కాల్చినందున వచ్చినదే కదా?" అని తెలివిగల విద్యార్థి అడుగవచ్చును. మంచి ప్రశ్న. విద్యుత్తు ఎట్లు పుట్టినదో దానినిబట్టి సమాధానము మారును. జార్జియా రాష్ట్రమునే చూడుడు. గోల్ఫు బండ్ల కంపెనీలున్న ఆగస్టా నగరమునకు సమీపమున వోగ్టిల్ అణువిద్యుత్కేంద్రము గలదు. దాని మూడవ యూనిటు 2023లోను, నాలుగవ యూనిటు 2024లోను పని మొదలిడినవి. అట్టి కేంద్రము విద్యుత్తు నిచ్చునప్పుడు పొగ వెడలదు. అదే రాష్ట్రమున బొగ్గుతోను, సహజవాయువుతోను నడచు కేంద్రములును గలవు. వానినుండి పొగ వెడలును. అయినను ఆ పొగ పిల్లలు నడచు బాటమీద గాక, ఎత్తయిన గొట్టములనుండి వెడలుచున్నది. అచ్చట దానిని శుభ్రపఱచు యంత్రములను అమర్చుటయు సాధ్యము.

సీసపు బ్యాటరీకి గూడ ఒక ఋణము గలదు. సీసము విషము, ముఖ్యముగా పసిపిల్లల మెదడునకు కీడు చేయును. పాత బ్యాటరీని పెరటిలో పాఱవేయుటగాని, ఇంటియొద్ద పగులగొట్టి కరగించుటగాని ఘోరమైన తప్పు. అమ్మిన అంగడికే తిరిగి ఇచ్చినచో అందలి సీసమును శుద్ధిచేసి మరల క్రొత్త బ్యాటరీలకు వాడుదురు. ఈ హెచ్చరిక అమెరికాకే గాదు. ఇన్వర్టరు బ్యాటరీలున్న మన యిండ్లకును వర్తించును.

7. రెండింటికిని సమానమైన అపాయము

తల్లిదండ్రులు ఈ భాగమును శ్రద్ధతో చదువవలెనని ప్రార్థించుచున్నాను. విద్యుత్తు బండియైనను, పెట్రోలు బండియైనను, దీనికి తలుపులు లేవను మాట మాత్రము మారదు. 1990 మొదలు 2006 వఱకు అమెరికా ఆసుపత్రుల అత్యవసర విభాగములకు వచ్చినవారినిగూర్చి చేసిన యొక పరిశోధనలో, ఈ బండ్లవలన గాయపడినవారు సుమారు 1,48,000 మంది యని అంచనా వేసిరి. వారిలో నూటికి ముప్పదిమందికంటె హెచ్చు 16 ఏండ్ల లోపువారు. గాయములకు కారణములలో మొదటిది బండినుండి పడిపోవుట.

ఎట్లు పడుదురో భౌతికశాస్త్రము చెప్పును. కదలుచున్న వస్తువు తిన్నగా పోవుటకే యత్నించును. అమెరికాలో నడపువాడు ఎడమవైపు కూర్చుండును, తోడివాడు కుడివైపు. బండి వేగముగా ఎడమకు తిరిగినప్పుడు తోడివాని దేహము తిన్నగా పోవుటకు యత్నించి, కుడివైపు తెఱపిలోనుండి వెలుపలికి జాఱును. అచ్చట ఆపుటకు నడుము దగ్గఱ చిన్న కమ్మి మాత్రమే యుండును. చిన్నపిల్లల కాళ్లు నేల నంటవు గనుక వారు మఱింత సులభముగా జాఱుదురు. వెనుకకు తిరిగి కూర్చున్నవారు బండి తటాలున కదలినప్పుడు ముందుకు, అనగా బాటమీదికి, పడుదురు. పెక్కు బండ్లకు వెనుక చక్రములకే బ్రేకులుండును గనుక పల్లమున వేగముగా పోయి బ్రేకు నొక్కిన బండి ప్రక్కకు జాఱవచ్చును.

1998లో అమెరికా ప్రభుత్వము తక్కువ వేగపు వాహనములు అను ప్రత్యేకమైన తరగతిని ఏర్పఱచెను. గంటకు 20 మైళ్లకు మించి, 25 మైళ్లకు లోబడి పోగల నాలుగు చక్రముల బండికి ముందు వెనుక దీపములు, మలుపు సూచించు దీపములు, అద్దములు, గాలి నాపు గాజుపలక, నిలుపుబ్రేకు, ఆసనపు పట్టీలు ఉండితీరవలెను. సామాన్యమైన గోల్ఫు బండికి ఆ శాసనము ఇవి విధింపలేదు. ఇవి లేని బండిని కార్ల వీథిలోనికి తోలుట ప్రాణముతో చెలగాటమాడుటయే. ఫ్లారిడా రాష్ట్రము పూర్వము 14 ఏండ్ల బాలురను బహిరంగ మార్గములలో ఈ బండిని నడుపనిచ్చెడిది. 2023 అక్టోబరు 1వ తేదీనుండి 18 ఏండ్ల లోపువారికి అభ్యాసపు అనుమతిగాని, లైసెన్సుగాని ఉండవలెనని శాసనము మార్చెను. బండి చిన్నదైనను బాధ్యత చిన్నది కాదని దీని తాత్పర్యము.

8. నిర్ణయము

ఇప్పుడు చెప్పినవన్నియు కూర్చి చూతము. దినమునకు పదిపదునైదు మైళ్లలోపల ప్రయాణము, రాత్రి నిలుపుచోట విద్యుత్తు, నెలకొకసారి బ్యాటరీని చూచుకొను శ్రద్ధ: ఈ మూడును గలవానికి విద్యుత్తు బండియే తగినది. ధనములో నష్టము లేదు, పొరుగువానికి మేలు. నీరు పోయు ఓపిక లేక, ముందుగా ధనము వెచ్చింపగలవాడు లిథియము బ్యాటరీ గలదానిని కొనవచ్చును. దినమునకు ముప్పది మైళ్లు తిరుగవలసినవానికి, విద్యుత్తు తీగ అందనివానికి, బరువులతో దూరపు కొండదారి పోవలసినవానికి పెట్రోలు బండి తగును. అతడు పొగను, చప్పుడును ఇతరులమీద వేయుచున్నానని యెఱిగి, ఇంజనును మంచి స్థితిలో నుంచుకొనవలెను.

రెండు బండ్లలో ఏది మంచిదని యడిగినవానికి "నీ దారి యెంత?" అని తిరిగి ప్రశ్నించుటే సరియైన సమాధానము. బండిని చూడబోవుటకు ముందు ఒక వారము దినములు తాను ఎక్కడెక్కడికి, ఎన్ని మైళ్లు పోవుచున్నాడో చిన్న పుస్తకములో వ్రాసికొనినవాడు అమ్మకపువాని మాటలకు లోబడడు. ఈ పద్ధతి గోల్ఫు బండికే గాక, మన యిండ్లలో స్కూటరు కొనునప్పుడును, పొలమున పంపు పెట్టించునప్పుడును పనికివచ్చును. మొదట అవసరమును కొలువుడు; పిదప కొన్న వెలను మాత్రమే గాక వాడుక ఖర్చును లెక్కింపుడు; ఆ మీదట మనవలన ఇతరులకు కలుగు మేలుకీడులను తలంపుడు. ఈ మూడు మెట్లును ఎక్కి నిర్ణయించినవాడు పిదప విచారపడుట అరుదు.

అభ్యాసము

1. పై లెక్కలో దినమునకు 6 మైళ్లకు బదులు 3 మైళ్లు నడపినయెడల, బ్యాటరీ ఐదేండ్లే మన్నుననియు, పెట్రోలు బండి మరమ్మతు ఖర్చు మారదనియు అనుకొని, ఏ బండి చౌకయో తేల్చుడు.

2. 6 వోల్టుల బ్యాటరీలు ఆఱు వరుసగా తగిలించిన ఎన్ని వోల్టులు వచ్చును? అందు మొత్తము ఎన్ని గదులుండును?

3. బ్యాటరీ నింపు గదిలో కిటికీ యేల తెఱచియుంచవలెను? పెట్రోలు బండిని మూసిన గదిలో నేల నడుపరాదు? రెండు కారణములకును గల భేదమును వ్రాయుడు.

4. మీ యింటిలోని యొక వాహనమును తీసికొని, అది ఒక వారములో పోయిన దూరమును, దానికైన ఖర్చును వ్రాసి, మైలునకు ఎంత పడినదో తల్లిదండ్రులకు చూపుడు.